గాలిలోంచి దిగే నీటికి దారి

ఫ్రిజ్‌లోనూ ఏసీలోనూ నీరు పుట్టడం లోపం కాదు. గాలిని చల్లబరిచే ఏ యంత్రమైనా ఆ గాలిలోని ఆవిరిలో కొంత భాగాన్ని నీటిగా మార్చక తప్పదు కాబట్టి, దానిని నిర్మించినవారు ఆ నీటిని ముందే లెక్కలోకి తీసుకుని, అది జారడానికి ఒక వాలు, చేరడానికి ఒక పళ్లెం, బయటకు పోవడానికి ఒక గొట్టం అమర్చి ఉంచుతారు. కూరగాయల పెట్టె అడుగున నిలిచే నీరు, ఫ్రిజ్ కింది నుంచి వంటగది గచ్చు మీదికి పారే సన్నని ధార, పడకగది గోడ మీద ఏసీ కింద ఏర్పడే చెమ్మ, కార్యాలయంలో ఫాల్స్ సీలింగ్ పలకల మీద గోధుమరంగు వలయం, ఇవన్నీ గాలి నుంచి వచ్చిన నీటి జాడలే. కనుక మరమ్మతుకు దిగేవారు తేల్చవలసినది ఆ నీరు తనకు ఏర్పరచిన దారిని ఏ చోట తప్పిందన్నదే.

హైదరాబాద్ పశ్చిమ భాగంలోని ఐటీ ప్రాంతంలో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి చుట్టూ ఎక్కువగా గ్రానైటు గుట్టలు, పొదలు, చెరువులు ఉన్న నేల, ఆ తర్వాత రెండున్నర దశాబ్దాల్లో కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల మీదుగా అద్దాల భవనాలతోనూ బహుళ అంతస్తుల నివాసాలతోనూ పీజీ హాస్టళ్లతోనూ నిండిపోయింది. అద్దం ఎండను లోపలికి రానిచ్చి కిటికీని తెరవనివ్వదు గనుక ఇక్కడి జీవనం శీతల యంత్రాల మీద ఆధారపడి సాగుతోంది. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, తీరానికి దూరంగా ఉన్న ఈ పీఠభూమిలో ఎండాకాలపు గాలి బాగా పొడిగానూ, వానాకాలపు గాలి బాగా తేమగానూ ఉంటుంది. నీటి గొట్టం అమరికలో జరిగిన తప్పు ఏప్రిల్, మే నెలల్లో కనబడకుండా ఉండి, జూన్‌లో తొలకరితోపాటు బయటపడడానికి ఈ రుతుభేదమే ముఖ్య కారణం. ఈ ప్రాంతంలో శీతల యంత్రాల నీటి సమస్యను అర్థం చేసుకోవడానికి మొదట పట్టుకోవలసిన కొస కూడా ఇదే.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని తనలో ఉంచుకోగలదు. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 51 గ్రాముల ఆవిరిని మోయగలిగితే, 26 డిగ్రీల వద్ద 24 గ్రాములను, 4 డిగ్రీల వద్ద కేవలం 6 గ్రాములకు కొంచెం పైగా మాత్రమే మోయగలదు. మోయగలిగిన దానిలో ఎన్నో వంతు ఆవిరి వాస్తవంగా ఉన్నదో తెలిపే శాతాన్ని సాపేక్ష ఆర్ద్రత అంటారు. ఉన్న ఆవిరితోనే గాలి పూర్తిగా నిండిపోయేలా దానిని ఏ ఉష్ణోగ్రతకు చల్లబరచాలో ఆ ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. తుషార స్థానం కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలాన్ని తాకినా గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది, దీనికే సాంద్రీకరణం అని పేరు.

ఈ కొలతలతో రెండు రోజులను పోల్చి చూస్తే విషయం స్పష్టమవుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు ఘనమీటరు గాలిలో దాదాపు 10 గ్రాముల ఆవిరి మాత్రమే ఉంటుంది, దాని తుషార స్థానం 13 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. జులైలో ముసురు పట్టిన రోజున 26 డిగ్రీల ఉష్ణోగ్రత, 85 శాతం ఆర్ద్రత ఉంటే అదే ఘనమీటరులో సుమారు 21 గ్రాముల ఆవిరి ఉండి, తుషార స్థానం 23 డిగ్రీలు దాటుతుంది. అంటే మనిషికి హాయిగా తోచే జులై గాలిలో, ఒళ్లు మండించే మే గాలిలో కంటే రెట్టింపు నీరు దాగి ఉంటుంది. ఎండ తగ్గింది కదా, ఫ్రిజ్ మీదా ఏసీ మీదా భారం తగ్గి ఉంటుందన్న సాధారణ భావన నీటి విషయంలో పూర్తిగా తలకిందులవుతుంది.

ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలోని గుప్తోష్ణాన్ని, అంటే స్థితి మారడానికి కావలసిన ఉష్ణాన్ని, వదులుతుంది. ఒక్క లీటరు నీరు తయారయ్యేటప్పుడు విడుదలయ్యే ఆ ఉష్ణం సుమారు 0.68 యూనిట్ల విద్యుచ్ఛక్తికి సమానం. దానినంతటినీ యంత్రమే తొలగించాలి. గదిని చల్లబరచడం, గదిలోని తేమను తీయడం అనే రెండు పనులు ఇలా గాలిని చల్లబరిచే ఒకే తీగచుట్టలో (కాయిల్‌లో) ముడిపడి ఉన్నాయి. విల్లిస్ క్యారియర్ 1902లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం తన వాతానుకూలన పద్ధతిని రూపొందించినప్పుడు ఆయనకు అప్పగించిన సమస్య వేడి గురించినది కాదు. గాలిలోని తేమ వల్ల కాగితం సాగి ముడుచుకుని రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోకపోవడం గురించినది. ఏసీ పుట్టుకే నీటిని తీయడానికి జరిగిందన్న సంగతి, దాని నీటి గొట్టాన్ని ఒక చిల్లర అమరికగా చూసేవారు గుర్తుంచుకోదగినది.

ఫ్రిజ్‌లో ఈ నీటి ప్రయాణం మంచుతో మొదలవుతుంది. లోపలి గాలిని చల్లబరిచే భాగాన్ని ఇవాపొరేటర్ అంటారు. దానిలోని ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న ఉష్ణాన్ని పీల్చుకుంటుంది. ఫ్రాస్ట్-ఫ్రీ రకంలో ఇవాపొరేటర్ డీప్ ఫ్రీజర్ వెనుక పలక చాటున ఉండి సున్నా కంటే ఇరవై డిగ్రీలకు పైగా కిందికి చల్లబడుతుంది కాబట్టి, తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి చొరబడిన ఆవిరి దాని రేకుల మీద మంచుగా పేరుకుంటుంది. కంప్రెసర్ కొన్ని గంటలు నడిచి ఆగాక, రేకుల కింద ఉన్న చిన్న హీటరు ఆ మంచును కరిగిస్తుంది. కరిగిన నీరు కింద ఉన్న తొట్టిలోకి జారి, దాని నడుమ ఉన్న వేలెడు వెడల్పు కూడా లేని రంధ్రం గుండా, ఫ్రిజ్ వెనుక గోడలో దిగిన గొట్టం మీదుగా, కంప్రెసర్ పైన అమర్చిన ట్రేలోకి చేరి, కంప్రెసర్ వేడికి మళ్లీ ఆవిరై వంటగది గాలిలో కలిసిపోతుంది. ఒక్క తలుపు ఉండే డైరెక్ట్ కూల్ రకంలో మంచు ఫ్రీజర్ పెట్టె గోడల మీదనే బహిరంగంగా పేరుకుంటుంది. మీట నొక్కి దానిని కరిగించినప్పుడు నీరు ఫ్రీజర్ కింద ఉన్న చిల్లర్ ట్రేలోకీ, అక్కడి నుంచి వెనుక గొట్టంలోకీ పోతుంది.

తలుపు ఒక్కసారి తెరిస్తే చేరే నీరు ఎంతో సుమారుగా లెక్కగట్టవచ్చు. లోపల 200 లీటర్ల గాలి ఉన్న ఫ్రిజ్‌ను జులైలో తెరిచినప్పుడు అందులో సగం గాలి మారిందనుకుంటే, వచ్చిన గాలిలోని 21 గ్రాములకూ 4 డిగ్రీల వద్ద నిలవగల 6 గ్రాములకూ ఉన్న తేడాలో పదో వంతు, అంటే దాదాపు గ్రామున్నర నీరు మిగులుతుంది. నలుగురు పంచుకునే గదిలో రోజుకు 40 సార్లు తలుపు తెరుచుకుంటే అది 60 గ్రాములవుతుంది. చల్లారని పప్పు గిన్నె, మూత లేని సాంబారు, కడిగి తుడవకుండా పెట్టిన ఆకుకూరలు దీనికి తోడైతే ఆ మొత్తం సులువుగా పెరిగిపోతుంది. నాలుగు షిఫ్టుల ఉద్యోగులు ఒకే ఫ్రిజ్ వాడుకునే పీజీ హాస్టళ్లలో అది రాత్రింబవళ్లు తెరుచుకుంటూనే ఉంటుంది గనుక నీటి సమస్య అక్కడ ముందుగా తలెత్తడం సహజం.

ఈ దారిలో అన్నిటికంటే బలహీనమైన చోటు తొట్టి నడుమ ఉన్న రంధ్రం. కొత్తిమీర ఆకు ముక్కలు, పాల చుక్కలు, దుమ్ము కలిసి అక్కడ జిగటగా పేరుకుంటాయి. ఆ జిగురులో బాక్టీరియా, బూజు పెరిగి దానిని ఇంకా చిక్కబరుస్తాయి. నీరు దిగడం ఆలస్యమైతే, హీటరు ఆగి చలి మళ్లీ మొదలయ్యేసరికి రంధ్రంలో నిలిచిన నీరు గడ్డకట్టి బిరడాగా మారుతుంది. ఆ తర్వాత ప్రతిసారీ కరిగిన నీరు తొట్టి అంచు పొర్లి, ఫ్రీజర్ అడుగున గాజుపలకలా పరుచుకుంటుంది, లేదా గాలి వచ్చే సందుల గుండా కింది అరలోకి దిగి కూరగాయల పెట్టెలో నిలుస్తుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఏ లోపమూ లేకుండానే ఇదంతా జరుగుతుంది కనుక, నీరు కారుతోందని గ్యాస్ ఎక్కించడం వృథా ఖర్చు.

మరమ్మతుకు ఓపిక కావాలి కానీ పనిముట్లు పెద్దగా అక్కరలేదు. ముందు ప్లగ్గు తీసి, తలుపు తెరిచి ఉంచి, మంచు పూర్తిగా కరిగేదాకా ఆగాలి; ఫ్రాస్ట్-ఫ్రీ రకంలో వెనుక పలక విప్పవలసి రావచ్చు, ఆ పని తెలిసినవారికి వదిలివేయడం మేలు. రంధ్రం కనబడ్డాక సూది తీసిన సిరంజితో గోరువెచ్చని నీటిని కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, ప్లాస్టిక్ తొడుగున్న మెత్తని తీగను నెమ్మదిగా తిప్పుతూ జిగురును వదల్చాలి. ఎక్కించిన నీరు వెనుక ట్రేలోకి ఎంత వేగంగా దిగుతున్నదో చూస్తే దారి తెరుచుకున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. రంధ్రం ఒక్కటే శుభ్రపడి గొట్టం చివర ఉన్న రబ్బరు మూతి మూసుకుపోయి ఉంటే నీరు మధ్యలో నిలిచి, వారం పది రోజులకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. రంధ్రం పదేపదే గడ్డకడుతుంటే హీటరు నుంచి రంధ్రంలోకి వేలాడేలా ఒక రాగి తీగను బిగించి కొంత వేడిని కిందికి చేరవేయడం మెకానిక్కులు అనుసరించే మంచి ఉపాయం.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పవలసి ఉంది. మంచును కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిచి తీయడం వల్ల ఇవాపొరేటర్ గొట్టానికి చిల్లు పడితే, చిన్న నీటి సమస్య ఫ్రిజ్‌నే పారవేసే స్థితికి చేరుతుంది. పైగా ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్నది ఆర్-600ఏ అనే ఐసోబ్యూటేన్ వాయువు. అది ఓజోన్ పొరకు హాని చేయదు, వాతావరణాన్ని వేడెక్కించడంలో దాని పాత్ర అతి తక్కువ, అయితే వంటగ్యాసు జాతికి చెందినదే గనుక మండే గుణం ఉంది. నిప్పును గానీ వేడిగాలి తుపాకీని గానీ మంచు కరిగించడానికి వాడకూడదన్న నియమం వెనుక ఈ కారణం కూడా ఉంది.

దారి శుభ్రపడినా నీరు మితిమీరి వస్తుంటే తలుపు అంచు రబ్బరును, అంటే గాస్కెట్‌ను పరీక్షించాలి. తలుపుకూ పెట్టెకూ మధ్య ఒక కాగితపు ముక్క ఉంచి మూసి లాగినప్పుడు అది ప్రతిఘటన లేకుండా జారివస్తే, ఆ చోట రాత్రింబవళ్లు తేమగాలి లోపలికి పోతున్నట్లే. ముందు కాళ్లను కొద్దిగా ఎత్తి ఫ్రిజ్‌ను వెనక్కి స్వల్పంగా వాల్చితే తలుపు తనంతట తాను మూసుకోవడమే గాక, కరిగిన నీరు వెనుక రంధ్రం వైపే మొగ్గుతుంది.

ట్రే విషయంలోనూ వానాకాలం తన ప్రభావం చూపుతుంది. పొడిగాలిలో ఇట్టే ఆవిరయ్యే నీరు, ఆర్ద్రత 85 శాతం దాటినప్పుడు ట్రేలోనే నిలిచిపోతుంది; గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో మాడ్యులర్ వంటగది చెక్క గూటిలో, వెనుక గాలి ఆడే ఖాళీ లేకుండా ఇరికించిన ఫ్రిజ్‌కు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. నిలిచిన మంచినీరు డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు అనువైన చోటు. దాని గుడ్డు నీటిలో పడి దోమగా ఎగరడానికి వానాకాలపు వెచ్చదనంలో వారం పది రోజులు చాలు. గుడ్లు ట్రే గోడలకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి గనుక నీటిని పారబోయడంతో సరిపెట్టకుండా వారానికొకసారి ట్రేను బ్రష్షుతో రుద్ది కడగాలి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది ఈ జంటనగరాల్లోనే, సికింద్రాబాద్‌లో. దోమకూ జ్వరానికీ ఉన్న బంధం లోకానికి తెలియజెప్పిన ఊరిలో ఫ్రిజ్ వెనుక ట్రేను పట్టించుకోని ఇళ్లు ఉండడం విచారకరం.

చక్రాల మీద తిరిగే ఫ్రిజ్‌కు పై ఇబ్బందులన్నీ ఉంటూనే మరో రెండు తోడవుతాయి: నేల వాలు, ప్రయాణపు కుదుపు. విహారయాత్రల క్యారవాన్‌లలోనూ, చిన్న ట్రైలర్ బళ్లలోనూ విదేశాల్లో విరివిగా వాడే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. 1922లో స్వీడన్‌కు చెందిన బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు రూపొందించిన ఈ పద్ధతిలో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్‌ల మిశ్రమం కేవలం వేడి వల్ల, గురుత్వాకర్షణ వల్ల కదులుతుంది. అందువల్ల బండి ఒక పక్కకు ఒరిగితే చల్లదనమే తగ్గుతుంది. దానితోపాటు వెనుక గోడ మీది రేకుల నుంచి జారిన నీరు కింది సన్నని కాలువలో రంధ్రానికి ఎదురుగా ఉన్న మూలకు చేరి, అరల మీదికి పొర్లుతుంది. కాలువ నుంచి బయలుదేరిన గొట్టం కుదుపులకు ఊడిపోవడం, మడతపడడం, దాని బయటి మూతిలో కందిరీగలు మట్టిగూడు కట్టడం తరచు జరిగేవే.

హైదరాబాద్‌లో ఈ వర్ణనకు దగ్గరగా వచ్చేవి ఫుడ్ ట్రక్కులు. గచ్చిబౌలిలో డీఎల్‌ఎఫ్ సముదాయం ఎదుటి వీధిలాంటి చోట్ల, రాత్రి షిఫ్టు ఉద్యోగుల కోసం నడిచే బళ్లలో కంప్రెసర్‌తో పనిచేసే ఫ్రిజ్‌లే ఉన్నా, గుట్టలను చదును చేసి వేసిన ఈ ప్రాంతపు రోడ్లు ఏదో ఒక వైపుకు వాలి ఉంటాయి, దోసె పెనం నుంచీ ఇడ్లీ పాత్ర నుంచీ లేచే ఆవిరి నేరుగా ఫ్రిజ్ తలుపు దగ్గరికే వస్తుంది. బండిని నిలిపినప్పుడు ఫ్రిజ్ పైన ఒక స్పిరిట్ లెవెల్ ఉంచి చూసి, అవసరమైతే ఒక చక్రం కింద చెక్క పెట్టి మట్టం చేయడం; నీటి గొట్టాన్ని నేల మీదికి వదలకుండా మూత ఉన్న క్యాన్‌లోకి దించి, దాని మూతికి సన్నని జాలీ కట్టడం; ఫ్రిజ్‌కూ పొయ్యికీ మధ్య అడ్డుపలక ఉంచడం, ఈ మూడింటితో చాలావరకు సమస్య తీరుతుంది. బండి కదిలే ముందు ట్రే ఖాళీ చేయకపోతే తొలి మలుపులోనే ఆ నీరు కింద ఉన్న విద్యుత్ తీగల మీద పడుతుందన్నది మరవరానిది.

ఏసీల దగ్గరికి వస్తే నీటి పరిమాణం ఒక్కసారిగా పెరుగుతుంది. టన్ను అనే కొలత, అమెరికా టన్ను మంచుగడ్డను 24 గంటల్లో కరిగించగల ఉష్ణ ప్రమాణం నుంచి వచ్చింది, అది సుమారు 3.5 కిలోవాట్లు. టన్నున్నర స్ప్లిట్ ఏసీ తన శక్తిలో మూడో వంతును ఆవిరిని నీరుగా మార్చడానికే ఖర్చు చేస్తే గంటకు రెండున్నర లీటర్ల నీరు దిగుతుంది. ఆ నీటిని తోసే మోటారు సాధారణంగా ఉండదు, గొట్టపు వాలు ఒక్కటే దానికి ఆధారం. మీటరు పొడవుకు కనీసం 10 మిల్లీమీటర్ల పల్లం ఉండాలన్నది సాధారణ నియమం. గోడలో గొట్టం కోసం తొలిచిన రంధ్రం లోపలి వైపు కంటే బయటి వైపు ఎత్తుగా ఉన్నా, బాల్కనీ దాకా వేసిన ప్లాస్టిక్ గొట్టం మధ్యలో ఒకచోట పొట్టలా జారినా, అక్కడ నీరు నిలిచి పాచి పడుతుంది. మే నెలలో గంటకు పావు లీటరు దిగినప్పుడు ఆ వంకరదారే సరిపోతుంది; జులైలో పదింతలు వచ్చేసరికి నీరు వెనక్కి తన్ని గోడ మీదికి దిగుతుంది.

ఈ ప్రాంతంలో ఎడతెగకుండా సాగే భవన నిర్మాణం వల్ల గాలిలో సిమెంటు, గ్రానైటు ధూళి ఎక్కువ. తడిసిన రేకుల మీద అది అంటుకుని, నీటితోపాటు పళ్లెంలోకి జారి, సూక్ష్మజీవుల జిగురుతో కలిసి ముద్దగా గట్టిపడుతుంది. ఫిల్టరును పదిహేను రోజులకొకసారి కడగడం వల్ల గాలి శుభ్రపడడంతోపాటు గొట్టమూ శుభ్రంగా ఉంటుంది. మూసుకున్న గొట్టాన్ని లోపలి నుంచి ఊదితే మురికి మరింత బిగుస్తుంది, బయటి చివర నుంచి వ్యాక్యూమ్ క్లీనర్‌తో పీల్చడం మంచి పద్ధతి. బ్లీచింగ్ ద్రావణం అల్యూమినియం రేకులను తినేస్తుంది. దానిని వెనిగర్ వంటి ఆమ్లంతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది గనుక ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా కూడా పోయకూడదు. గ్యాస్ నిజంగా తగ్గినప్పుడు కూడా నీరు కారే మాట వాస్తవమే: పీడనం పడిపోయి తీగచుట్ట సున్నా కంటే కిందికి చల్లబడి, మంచు కట్టి, ఏసీ ఆపగానే ఆ మంచంతా ఒక్కుమ్మడిగా కరిగి పళ్లెం పొర్లుతుంది. తీగచుట్ట మీద మంచు కనబడితే గ్యాసునూ ఫిల్టరునూ అనుమానించాలి, కనబడకపోతే గొట్టాన్ని అనుమానించాలి.

గొట్టం చివరను ఎక్కడ కలపాలన్నది కూడా ముఖ్యమే. డ్రైనేజీ పైపులోకి నేరుగా దించితే మురుగు వాయువులూ బొద్దింకలూ ఆ దారినే గదిలోకి ఎక్కుతాయి; అందుచేత గొట్టం చివరకూ మురుగు పైపుకూ మధ్య కొంత ఖాళీ స్థలం వదలాలి.

పెద్ద కార్యాలయాల్లో సమస్య స్వభావమే మారుతుంది. అక్కడ 7 డిగ్రీల చల్లని నీరు తిరిగే తీగచుట్టల మీదుగా పెద్ద ఫ్యాన్ గాలిని పీల్చి అంతస్తంతటికీ పంపుతుంది. ఫ్యాన్ తీగచుట్టకు అవతలి వైపున ఉన్నందువల్ల నీటి పళ్లెం ఉన్న గది బయటి గాలి కంటే తక్కువ పీడనంలో ఉంటుంది; స్ట్రాతో పీల్చినప్పుడు పానీయం పైకి ఎక్కినట్లే, పళ్లెం కింది గొట్టంలోని నీటిని ఫ్యాన్ వెనక్కి లాగుతుంది. దానిని నిలువరించడానికే గొట్టంలో ఒక వంపు ఏర్పరచి అందులో ఎప్పుడూ నీరు నిలిచేలా చేస్తారు, దీనినే ట్రాప్ అంటారు. ఫ్యాన్ పీల్చే పీడనం 500 పాస్కల్స్ అయితే అది 51 మిల్లీమీటర్ల నీటి మట్టానికి సమానం; కాబట్టి పళ్లెం నుంచి ట్రాప్ బయటి మూతి దాకా ఎత్తు తేడా కనీసం 75 మిల్లీమీటర్లు, ఆ మూతి కింద వంపు లోతు అందులో సగమైనా ఉండాలి. పళ్లెం కింద చోటు లేదని ఈ కొలతను కుదించి కట్టిన ట్రాప్ ఎన్నటికీ పనిచేయదు.

సరిగ్గా కట్టిన ట్రాప్ కూడా హైదరాబాద్ ఎండాకాలంలో ఒక పరీక్షను ఎదుర్కొంటుంది. వెయ్యి మంది పనిచేసే చోట మనిషికి సెకనుకు 8 లీటర్ల చొప్పున బయటి గాలిని లోపలికి తెస్తారనుకుందాం. లోపల 24 డిగ్రీలు, 55 శాతం ఆర్ద్రత ఉంచితే ఘనమీటరుకు 12 గ్రాముల ఆవిరి ఉంటుంది. జులైలో బయటి గాలి దానికంటే దాదాపు 9 గ్రాములు ఎక్కువ తెస్తుంది కాబట్టి గంటకు సుమారు 250 లీటర్లు, మనుషుల ఊపిరి, చెమటల నుంచి మరో 50 లీటర్లు, మొత్తం 300 లీటర్ల నీరు పళ్లేల్లోకి దిగాలి. మే మధ్యాహ్నం బయటి గాలిలో ఉన్నది 10 గ్రాములే. అది లోపలి గాలి కంటే పొడిగా ఉండి, మనుషులు వదిలే ఆవిరిని కూడా చాలావరకు తనతో మోసుకుపోతుంది. పళ్లెంలో నీరు రాలడం బాగా తగ్గిపోతుంది, కొన్ని వారాల్లో ట్రాప్ ఎండిపోతుంది. జూన్‌లో తేమ వచ్చేసరికి ఎండిన వంపు గుండా ఫ్యాన్ గాలిని పైకి పీలుస్తూ, ఆ గాలి తాకిడితో నీటిని పళ్లెంలోనే అడ్డగించి ఉంచుతుంది. మట్టం పెరిగి అంచు దాటి, కింది అంతస్తు సీలింగ్ మీద మరక పడుతుంది. సాయంత్రం ఫ్యాన్ ఆగగానే నీరంతా గొట్టంలోకి బుడబుడమని దిగిపోతుంది గనుక, తనిఖీకి రాత్రి వచ్చినవారికి అన్నీ సవ్యంగానే కనబడతాయి. పని వేళల్లో మాత్రమే కారి, ఫ్యాన్ ఆగితే ఆగిపోయే కారుడు ఎండిన ట్రాప్‌కు దాదాపు తిరుగులేని గుర్తు. తొలకరికి ముందు ప్రతి ట్రాప్‌లోనూ ఒక చెంబు నీరు పోయడం, పళ్లెంలో మట్టం పెరిగితే హెచ్చరించే ఫ్లోట్ స్విచ్ బిగించడం వల్ల లక్షల విలువైన సీలింగ్, కంప్యూటర్లు, తివాచీలు నిలుస్తాయి.

సీలింగ్ మరకలన్నిటికీ పళ్లెమే కారణమని అనుకోకూడదు. 7 డిగ్రీల నీరు ప్రవహించే పైపుల మీది నల్ల రబ్బరు తొడుగు ఒకచోట చిరిగినా, జోడింపు దగ్గర విచ్చుకున్నా, తేమగాలి లోహాన్ని తాకి అక్కడే చెమర్చుతుంది. పళ్లెం దగ్గర కారుడు ఒకేచోట ధారగా ఉంటుంది, తొడుగు లోపం వల్ల వచ్చేది పైపు పొడవునా బొట్లు బొట్లుగా ఉంటుంది. ఈ తేడాను గమనించకుండా గొట్టాలు మార్చినందువల్ల ప్రయోజనం ఉండదు.

దారి సరిచేశాక ఆ నీటిని మురుగులో కలపవలసిన అవసరం కూడా లేదు. పై లెక్క ప్రకారం ఆ వెయ్యి మంది కార్యాలయం వానాకాలంలో పది గంటల పనిదినానికి 3000 లీటర్ల నీటిని గాలి నుంచి తీస్తుంది. నగర జలమండలి సాధారణ ట్యాంకరులో పట్టేది 5000 లీటర్లు. ఈ నీటిలో లవణాలు దాదాపు ఉండవు, పైగా చల్లగా ఉంటుంది గనుక భవనం పైనున్న కూలింగ్ టవర్లకు బోరునీటి కంటే ఎంతో మేలైనది. గ్రానైటు నేలలోని కఠిన జలం వల్ల అక్కడ పేరుకునే పొలుసు దీనివల్ల తగ్గుతుంది. తాగడానికి మాత్రం పనికిరాదు, తీగచుట్ట మీది రాగి లేశాలనూ పళ్లెంలోని బాక్టీరియానూ అది వెంట తెస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడం చాలా ఇళ్లలో అలవాటుగా ఉన్నా, ఆ లోహ లేశాలే బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తాయి కనుక అక్కడ డిస్టిల్డ్ వాటరే వాడాలి. మొక్కలకు, నేల తుడవడానికి, మరుగుదొడ్లలో ఫ్లష్‌కు నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే నగరానికి నీటి ఎద్దడి ముదిరే ఏప్రిల్, మే నెలల్లోనే ఈ నీరు అతి తక్కువగా దొరుకుతుంది. దీనిని నమ్ముకుని వేసవి ట్యాంకర్లను మానుకోవడం సాధ్యపడదు; జూన్ నుంచి అక్టోబరు దాకా కూలింగ్ టవర్లకు బోరునీటిని తోడకుండా ఆపడానికి మాత్రం ఇది సరిపడా సాయం చేస్తుంది, ఆ నాలుగైదు నెలల్లో భూగర్భంలో మిగిలిన నీరే తర్వాతి వేసవిలో బోర్లకు అందుతుంది. ఇందుకు కావలసినది పళ్లేల గొట్టాలన్నిటినీ కలిపే ఒక పైపు, ఒక చిన్న ట్యాంకు, ఒక పంపు. భవనం కట్టేటప్పుడే అమరిస్తే ఖర్చు స్వల్పం, కట్టాక సీలింగ్ విప్పి అమర్చాలంటే చాలా ఎక్కువ. కొండాపూర్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ వంటి హరిత భవనం పొరుగునే ఉన్న ఈ ప్రాంతంలో, కొత్తగా లేచే ప్రతి టవర్ నక్షాలోనూ ఆ పైపుకు మొదటి రోజునే చోటు కేటాయించాలి.